బయల్దేరే ముందు రెండుసార్లు బాత్రూమ్‌కి... ఈ అలవాటే బ్లాడర్‌ని పాడుచేస్తోందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 49 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. ఏడాదిన్నరగా పీరియడ్స్ సరిగా రావట్లేదు. తుమ్మినా గట్టిగా నవ్వినా కొంచెం యూరిన్ పడిపోతోంది, ఈమధ్య ఇంటికొచ్చి తలుపు తాళం తీసేలోపు కూడా ఆగట్లేదు. భయంతో బయటికెళ్తే నీళ్లు తాగను, బయల్దేరే ముందు రెండుసార్లు వెళ్లొస్తాను. డాక్టర్ దగ్గర చెప్పాలంటే సిగ్గుగా ఉంది. బ్లాడర్ అలవాట్ల మీద ఆన్‌లైన్ క్లాసులున్నాయని ఫ్రెండ్ ఒక లింక్ పంపింది. వాటితో నిజంగా తగ్గుతుందా, టైమ్ వేస్టా? - ఒక పాఠకురాలు

జవాబు: తగ్గే అవకాశం బాగానే ఉందమ్మా, టైమ్ వేస్ట్ ఏం కాదు. కాకపోతే క్లాస్ వినేసి వదిలేస్తే ఏం రాదు. ఇంకో మాట, మీరు జాగ్రత్త అనుకుని చేస్తున్న రెండు పనులే మీ బ్లాడర్‌కి తప్పుడు పాఠం నేర్పుతున్నాయి, ముందు అది చెప్తాను.

పెద్దవాళ్ల బ్లాడర్‌లో మామూలుగా 400 నుంచి 500 మి.లీ. దాకా పడుతుంది. 150, 200 మి.లీ. చేరేసరికే "నిండుతున్నా" అని మెదడుకి చిన్న కబురు పంపుతుంది, అది కబురే గానీ ఆర్డర్ కాదు, ఇంకా బోలెడు టైమ్ ఉంటుంది. మీరేమో రాకపోయినా ఎందుకైనా మంచిదని వెళ్తున్నారు కదా, అంటే 80, 100 మి.లీ. ఉండగానే ఖాళీ చేసేస్తున్నారు. నెలల తరబడి ఇలా చేస్తే బ్లాడర్ అంతకే అలవాటు పడి, కాస్త నిండగానే గొడవ మొదలెడుతుంది. ఇక నీళ్లు మానేస్తే యూరిన్ చిక్కబడి, ముదురు రంగులోకొచ్చి బ్లాడర్‌కి ఇంకా చిరాకు, పైగా మలబద్ధకం. మలబద్ధకం ఉంటే ముక్కి ముక్కి బ్లాడర్‌ని కిందనుంచి పట్టి ఉంచే కండరాలు సాగిపోతాయి, అంటే ఒక లీక్ ఆపబోయి ఇంకో లీక్‌కి దారేసినట్టు.

మీరు రాసిన తాళం సంగతి చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి, ఇది ఎంతమంది చెప్తారో మీకు తెలీదు. తలుపు దగ్గరికి రాగానే, ట్యాప్ నీళ్ల చప్పుడు వినగానే అర్జెంట్ అయిపోవడం మెదడు నేర్చుకున్న అలవాటు. ఇల్లు రాగానే బాత్రూమ్ అని వందలసార్లు చేసేసరికి తాళంచెవి బయటికి తీయడమే దానికి సిగ్నల్ అయిపోయింది. నేర్చుకున్నదే కాబట్టి మాన్పించొచ్చు.

మీకున్నవి రెండు రకాల లీక్‌లు. తుమ్ము, నవ్వు, బరువెత్తడం, వీటితో పడేది పొట్టలో ప్రెషర్ పెరిగి కింద కండరాలు పట్టుకోలేక వచ్చేది. తాళం దగ్గరది బ్లాడర్ తొందరపడి బిగుసుకోవడం వల్ల. రెండూ కలిసి ఉండటం మీ వయసులో చాలా మామూలు. డెలివరీల్లో సాగిన కండరాలు, దానికి తోడు పీరియడ్స్ ఆగే రోజుల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి ఆ చుట్టుపక్కల చర్మం, మూత్రనాళం లోపలి పొర పల్చబడటం, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. అలాగని "వయసొచ్చింది, ఇంతే" అని ప్యాడ్‌లు పెట్టుకుని సర్దుకుపోవడం నాకు అస్సలు నచ్చదు. ఇది మామూలే, కానీ భరించి తీరాల్సిందేం కాదు.

ముందు మూడు రోజులు ఒక డైరీ రాయండి. పాత కొలత మగ్ ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకుని, ఎన్నింటికి వెళ్లారు, ఎంత వచ్చింది, నిజంగా వచ్చి వెళ్లారా ఊరికే వెళ్లారా, ఏం తాగారు, ఎప్పుడు లీక్ అయింది, అంతే. ఆ మధ్య ఒకావిడ పిల్లల రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకొచ్చారు, పగలు 13 సార్లు, అందులో ఆరుసార్ల పక్కన "ఊరికే" అని ఉంది, ఒకదాని పక్కన 60 మి.లీ. ఆవిడే ఆ పేజీ చూసుకుని "అరే, నేనే కదా పిలిచి మరీ పంపిస్తున్నా" అన్నారు. నేనింకేం చెప్పక్కర్లేకపోయింది. పగలు ఏడెనిమిది సార్ల దాకా, రాత్రి ఒకసారి లేస్తే కంగారు పడక్కర్లేదు.

డైరీలో మీ గ్యాప్ గంట అని తేలితే, ఈ వారం గంటంపావు ఆగండి, అది అలవాటయ్యాక ఇంకో పావుగంట, అలా పెంచుకుంటూ మూడు గంటలకి తేవాలి. కనీసం ఆరు వారాలు పడుతుంది, రెండు వారాలకే వదిలేయకండి. మధ్యలో అర్జెంట్ వస్తే పరిగెత్తొద్దు, ఇది ముఖ్యం, పరిగెత్తితే పొట్ట కుదిపి ఇంకా కొంప ముంచుతుంది. ఉన్నచోటే ఆగండి, వీలైతే కూర్చోండి, కింద కండరాల్ని ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి, మనసు ఇంకో దానిమీద పెట్టండి. అల లాగా లేచి దానంతటదే తగ్గుతుంది, తగ్గాక నడిచి వెళ్లండి. తాళం దగ్గర కూడా అంతే, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడి బిగించండి, తగ్గాకే తలుపు తీయండి, లోపలికెళ్లాక కూడా వెంటనే బాత్రూమ్‌కి కాకుండా బ్యాగ్ పెట్టి ఒక నిమిషం ఆగి వెళ్లండి.

బాత్రూమ్‌లో కూర్చునే పద్ధతి కూడా చూసుకోండి. బయట టాయిలెట్లలో శుభ్రం ఉండదని చాలామంది సీట్‌కి ఆనకుండా గాల్లో వంగి కానిచ్చేస్తారు, అప్పుడు కింద కండరాలు వదులవ్వవు, పూర్తిగా ఖాళీ అవ్వదు. సీట్ తుడిచి సరిగ్గా కూర్చోండి, పాదాలు నేలకి ఆనాలి, ముక్కొద్దు, తొందరపడొద్దు. నీళ్లు రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు కొంచెం కొంచెంగా తాగండి, ఒకేసారి లీటరు గటగటా కాదు. గుండె, కిడ్నీ జబ్బులకి నీళ్లు తగ్గించమన్నవాళ్లు మాత్రం వాళ్ల డాక్టర్ చెప్పినంతే. కాఫీ, టీ కొందరికి అర్జెంట్ పెంచుతాయి, రెండు వారాలు తగ్గించి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు కీగల్ ఎక్సర్‌సైజులు, ఆన్‌లైన్ క్లాసుల్లో అసలు చిక్కంతా ఇక్కడే. గ్యాస్‌నీ యూరిన్‌నీ ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగాలి, ఐదారు సెకన్లు పట్టి ఉంచి పూర్తిగా వదలాలి, ఇలా ఎనిమిదిసార్లు, రోజుకి మూడు విడతలు, మూడు నెలలు. వినడానికి ఈజీ. కానీ 1991లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీలో నోటిమాటతో చెప్పించి చేయిస్తే సగంమందే సరిగ్గా చేశారు, నలుగురిలో ఒకరైతే లీక్ పెరిగేలా కిందికి ముక్కుతున్నారు. ఇది వీడియోలో టీచర్‌కి కనిపించేది కాదు కదా. మీరే చూసుకోవాలంటే పడుకుని మోకాళ్లు మడిచి కింద చిన్న అద్దం పెట్టుకోండి, బిగించినప్పుడు అక్కడి చర్మం లోపలికి వెళ్లినట్టు కనపడాలి, బయటికి ఉబికితే తప్పు చేస్తున్నట్టే. ఊపిరి బిగబట్టకూడదు, పిర్రలు, తొడలు బిగుసుకోకూడదు. అర్థం కాకపోతే పెల్విక్ ఫ్లోర్, అంటే ఈ కింద కండరాల ఎక్సర్‌సైజులు నేర్పే ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒక్కసారి చూపించుకుని, మిగతాదంతా క్లాస్ చూసి చేసుకోవచ్చు. యూరిన్ పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని ఎవరైనా చెప్తే ఆ క్లాస్ కట్టేయండి, రోజూ అలా చేస్తే పూర్తిగా ఖాళీ అవ్వక కొత్త సమస్య వస్తుంది.

తుమ్ముకి ఇంకో చిట్కా, తుమ్ము వస్తుందనగానే ముందే బిగించి అప్పుడు తుమ్మండి. మొదట్లో గుర్తుండదు, తుమ్మేశాక గుర్తొస్తుంది, పర్లేదు, కొన్నాళ్లకి అదే వచ్చేస్తుంది.

ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే పనిచేస్తుందా అన్నారు కదా, స్వీడన్‌లో ఉమియో యూనివర్సిటీ వాళ్లు తుమ్ము, దగ్గు లీక్‌లున్న ఆడవాళ్లకి డాక్టర్‌ని కలవకుండానే ఫోన్ యాప్‌తో మూడు నెలలు ఎక్సర్‌సైజులు చేయించి 2017లో రిజల్ట్ ఇచ్చారు, యాప్ లేనివాళ్లకంటే వీళ్లకి లీక్‌లు బాగా తగ్గాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పనివాళ్లకి ఇంట్లో తలుపేసుకుని నేర్చుకునే దారి దొరకడం మంచిదే అంటాను నేను. కాకపోతే ఏడు రోజుల్లో గ్యారంటీ అనేవాళ్లని, క్లాస్ చివర్లో పొడులు, మాత్రలు అమ్మేవాళ్లని వదిలేయండి. ఎవరు నేర్పుతున్నారు, డాక్టరా ఫిజియోనా చూడండి, డైరీ రాయిస్తున్నారా, ఎప్పుడు హాస్పిటల్‌కి వెళ్లాలో చెప్తున్నారా అనేది కూడా చూడండి.

ఆ చివరిది నేనే చెప్పేస్తాను. యూరిన్‌లో రక్తం, మంట, జ్వరం, అక్కడ ఏదో కిందికి జారినట్టు ఉండటం, వెళ్లొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు ఉండటం, వీటిలో ఏదున్నా క్లాస్ పక్కనపెట్టి డాక్టర్‌ని కలవండి. ఉన్నట్టుండి యూరిన్ ఆగకుండా పోయి కాళ్లలో, తొడల మధ్య తిమ్మిరి ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇవేవీ లేకపోయినా ఒకసారి యూరిన్ టెస్ట్, షుగర్ టెస్ట్ చేయించుకోండి, షుగర్ ఎక్కువున్నా ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే తొందర పెడుతుంది. బీపీ మాత్రల్లో కొన్ని యూరిన్ ఎక్కువ చేస్తాయి, మీరు వాడుతుంటే సొంతంగా ఆపకుండా ఏ టైమ్‌కి వేసుకోవాలో అడగండి. బరువు ఎక్కువుంటే కొంచెం తగ్గినా లీక్‌లు తగ్గుతాయి.

సిగ్గు గురించి... మొదటి విజిట్‌లో సగం మాటలే ఉంటాయమ్మా, మీరు ఆ మూడు రోజుల డైరీ టేబుల్ మీద పెట్టేస్తే నోటితో చెప్పాల్సింది కూడా పెద్దగా ఉండదు. మూడు నెలలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే లోపల రాసే ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది, బ్లాడర్ తొందర తగ్గించే మాత్రలున్నాయి, తుమ్ము లీక్‌కి అవసరమైతే చిన్న ఆపరేషన్ ఉంది.

అన్నట్టు, ఆ లింక్ పంపిన ఫ్రెండ్‌ని ఒకసారి అడగండి, అది ఆవిడ దగ్గర ఎందుకుందో. ఇద్దరూ కలిసి మొదలెడితే రోజుకి మూడు విడతలు ఒకరికొకరు గుర్తుచేసుకోవచ్చు.