నోటుబుక్కులో రాసుకో, మైకులో చెప్పకు

నాన్నా,

నీ మెయిల్ చదివాను. బైబిలుని ఆదికాండం నుంచి ప్రకటన దాకా వరుసగా చదివితే విశ్వాసం గట్టిపడుతుందని మొదలుపెట్టావు. సమూయేలు గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి ఉన్నది కూడా పోయింది. మీ నాన్న పాస్టరు, నువ్వు ఆదివారం కీబోర్డు వాయించేవాడివి, అమ్మకి తెలిస్తే ఏమవుతుందోనని టెన్షన్. ఈ దారి నాకు తెలుసు. నీ వయసులో నేనూ ఇలా చదువుతూ చదువుతూనే బయటికొచ్చాను. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా క్రిస్మస్‌కి కేకు మాత్రం నా చేతిదే కావాలంటారు. కాబట్టి ముందు భయం తగ్గించుకో.

నిన్ను మళ్ళీ విశ్వాసంలోకి లాగుదామని రాయడం లేదు, బయటికి తోసేద్దామనీ కాదు. పుస్తకంలో నీకు ఏం కనబడిందన్నది ఒకటి, దాన్నిబట్టి ఏం తేల్చుకుంటావన్నది ఇంకొకటి, ఎవరికి ఎప్పుడు చెబుతావన్నది వేరే సంగతి. నీ ఉత్తరంలో ఇవన్నీ కలిసిపోయాయి. ఒక రాత్రి సంఖ్యాకాండం చదివి, తెల్లారి అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నానని రాశావు చూడు, అక్కడ నాకు గుండె ఆగినంత పనైంది.

ముందు చదువు సంగతి. వీడియో డిబేట్లు చూడటం ఆపెయ్. క్రైస్తవుల్ని ఎగతాళి చేయడానికి వచనాలు ఏరుకునేవాళ్ళూ, వాళ్ళకి జవాబులిచ్చి జేజేలు కొట్టించుకునేవాళ్ళూ, ఇద్దరూ నీ బదులు చదివేస్తున్నారు. నువ్వే చదువు. ఒకే సంఘటన రెండు చోట్ల ఉంటే రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదువు, తేడా ఉంటే నోటుబుక్కులో రాసుకో, దానికి విశ్వాసులు చెప్పే సమాధానం కూడా ఎదురుగా రాసుకో. సమాధానం బాగుంటే బాగుందనే రాయి. నీ పక్షం గెలవాలని చదివితే మీ సంఘంలో చదివినట్టే చదివినట్టు.

యేసుని పట్టించిన యూదా ఇస్కరియోతు చావు తీసుకో. మత్తయిలో వెండి నాణేలు దేవాలయంలో పారేసి ఉరి వేసుకున్నాడు, పొలం కొన్నది యాజకులు. అపొస్తలుల కార్యములలో ఆ డబ్బుతో పొలం సంపాదించినది అతనే, తలక్రిందులుగా పడి పొట్ట పగిలి చచ్చిపోయాడు. ఉరితాడు తెగి కింద పడ్డాడని జవాబు చెబుతారు. చావుకైతే అది సరిపోతుందేమో, పొలం ఎవరు కొన్నారన్నదానికి ఇంకో జవాబు వెతుక్కోవాలి. పునరుత్థానం ఉదయం చూడు. యోహాను మగ్దలేనే మరియ ఒక్కదాని పేరే చెప్తాడు, మత్తయి ఇద్దరిని, మార్కు ముగ్గురిని. సమాధి దగ్గర కనబడిన దూతలు ఒకచోట ఒకరు, ఒకచోట ఇద్దరు. మార్కు 16:8లో ఆ స్త్రీలు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదు, మత్తయిలో శిష్యులకు చెప్పడానికి పరుగెత్తారు. సాక్షులు నలుగురుంటే మాటలు నాలుగు రకాలుగా ఉంటాయి కదా అంటారు. నిజమే, ఉంటాయి. అయితే అది మనుషుల సాక్ష్యం గురించి చెప్పే మాట. ప్రతి అక్షరం పైనుంచి దిగిందన్నవాళ్ళు ఆ మాట వాడుకోకూడదు. ఇక మార్కు 16లో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు, నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ వ్రాతప్రతుల్లో లేవు. ఇది నాస్తికులు కనిపెట్టింది కాదు, బైబిలు పండితులే చెప్పింది, సెమినరీల్లో చదువుకున్న పాస్టర్లకి తెలిసిన సంగతే. మీ నాన్నకీ తెలిసి ఉంటుంది.

నిన్ను కుదిపేసిన ఆ సంఖ్యాకాండం లెక్క నీకంటే ముందు ఒక బిషప్పుని కుదిపేసింది. కొలెన్సో అని, దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్పు. అంతకుముందు ఇంగ్లండులో బడి పిల్లలకి అంకగణితం పుస్తకాలు రాసినాయన. బైబిలుని జులూ భాషలోకి తెస్తుంటే, జలప్రళయం కథ దగ్గర ఆయనకి సాయం చేస్తున్న జులూ మనిషి విలియం ఎన్‌గిడి, ఇదంతా నిజమేనా, జంతువులన్నీ ఓడలోకి వచ్చాయా అని అడిగాడు. ఆయన అవునని బొంకలేకపోయాడు. తర్వాత లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళు దాటిన మగవాళ్ళు 6,03,550 మంది అని ఒకటో అధ్యాయం. మొదట పుట్టిన మగపిల్లలు 22,273 మంది అని మూడో అధ్యాయం. భాగించి చూడు. పెద్దవాళ్ళనే లెక్కేసినా ఒక్కో పెద్దకొడుకుకి ఇరవై ఏడు మంది మగవాళ్ళు వస్తారు, అంటే ఒక్కో తల్లికి అంతమంది కొడుకులన్నమాట, చిన్నపిల్లల్ని కలిపితే ఇంకా ఎక్కువ. 1862లో ఈ లెక్కలన్నీ అచ్చు వేస్తే 1863లో పైబిషప్పు ఆయన్ని పదవి నుంచి తీసేశాడు, లండన్‌లో అప్పటి పైకోర్టు లాంటి ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పు చెల్లదంది. ఆయన మాత్రం సంఘాన్ని వదల్లేదు. చచ్చేదాకా నటాల్‌లోనే ఉండి, అక్కడి ఆఫ్రికన్ల తరపున సొంత ప్రభుత్వంతోనే పోట్లాడాడు. లెక్క తప్పని తెలిసినా ఆయన ఉన్నచోటే ఉండిపోయాడు. నువ్వూ అలాగే చెయ్యాలని కాదు, లెక్క తప్పిన రోజునే సంచీ సర్దుకోవాలన్న రూలు లేదని.

నా ఉద్దేశంలో లెక్కల తప్పులు, పేర్ల తప్పులు చెరిపేసేది ఒకే ఒక నమ్మకాన్ని. ఈ పుస్తకంలో పొరపాటు ఉండదన్న నమ్మకాన్ని. దేవుడున్నాడా లేడా అన్నది దాంతో తేలదు. బార్ట్ ఎర్మన్ అని అమెరికాలో కొత్త నిబంధన పండితుడు ఉన్నాడు. దావీదు దేవుని మందిరంలో రొట్టెలు తిన్న కథలో, మార్కు 2:26లో యాజకుడి పేరు అబ్యాతారు, 1 సమూయేలు 21లో చూస్తే అహీమెలెకు. మార్కుది తప్పు కాదని సమర్థిస్తూ ఎర్మన్ విద్యార్థిగా పెద్ద వ్యాసం రాస్తే, మార్కే పొరపాటు పడి ఉండొచ్చుగా అన్నాడట ప్రొఫెసరు. అక్కడ తలుపు తెరుచుకుంది. కానీ ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏళ్ళు క్రైస్తవుడిగానే ఉన్నాడు. చివరికి వదిలేసింది వ్రాతప్రతుల తేడాల వల్ల కాదని, లోకంలో ఇంత బాధ ఎందుకుందన్న ప్రశ్న వల్లనని ఆయనే చెబుతాడు.

అందుకే నీ నోటుబుక్కులో బరువైనవి వేరే పేజీలో రాసుకో. 1 సమూయేలు 15లో అమాలేకీయుల పసిపిల్లల్ని కూడా చంపమన్న దేవుడి ఆజ్ఞ ఉంది. దానికి నాకు ఇన్నేళ్ళలో ఒక్క మంచి జవాబు దొరకలేదు. నా నమ్మకం పోయింది అబ్యాతారు దగ్గర కాదు, ఇక్కడ. నీది ఎక్కడ పోయిందో నువ్వు తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే ఎవరైనా వచ్చి చిన్నవాటికి జవాబు చెప్పగానే ఇటు, మరొకరు ఇంకోటి చూపించగానే అటు ఊగుతావు.

ఒక చోటు మాత్రం తప్పకుండా చూడు. దావీదు జనాభా లెక్కలు తీయడం. 2 సమూయేలు 24లో దావీదుని అందుకు ప్రేరేపించింది యెహోవా కోపం. అదే కథ 1 దినవృత్తాంతములు 21లో చూస్తే ప్రేరేపించింది సాతాను. దేవుడే పురికొల్పి, ఆ పని చేసినందుకు దేవుడే డెబ్బై వేల మందిని తెగులుతో చంపడమేమిటని తర్వాత రాసినాయనకి ఇబ్బంది అనిపించి ఉంటుందని నేననుకుంటాను. నీకొచ్చిన ప్రశ్నే. ఆయన కథని సర్దాడు, నువ్వు సర్దలేకపోతున్నావు. నువ్వేదో పెద్ద పాపం చేస్తున్నానని రాశావే, బైబిలు రాసినవాళ్ళలోనే నీకు తోడు ఉన్నారు.

ఇక ఇల్లు. ఇక్కడ చదువు పనికిరాదు.

కీబోర్డు మానెయ్యనా అని అడిగావు. మానక్కర్లేదు. పాట వాయించడం అబద్ధం కాదు. సాక్ష్యం చెప్పమంటే మాత్రం చెప్పకు, ఆదివార బడి క్లాసు ఇంకొకరికి అప్పగించు. నమ్మనిది పిల్లలకి నేర్పడం వాళ్ళకీ అన్యాయం, నీకూ నరకం. ప్రభువు భోజనం విషయం నీ మనసుకే వదిలేస్తున్నాను. దశమభాగం ఒక్కసారిగా ఆపకు. ఆపితే మీ నాన్నకంటే ముందు సంఘంలో లెక్కలు రాసే పెద్దకి తెలుస్తుంది, ఆయనకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

మీ నాన్నకి చెప్పడానికి తొందరపడొద్దంటున్నది పిరికితనంతో కాదు. 1 తిమోతి 3 చదువు. తన ఇంటివాళ్ళని ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని ఉంటుంది. సంఘంలో ఆయనంటే గిట్టనివాళ్ళు ఇద్దరున్నా చాలు, ఆ వచనం తీసుకుని కమిటీ మీటింగులో కూర్చుంటారు. నీ నమ్మకం నీ సొంత విషయమే. దాని బిల్లు మాత్రం ఆయన జీతం మీద పడుతుంది. కాబట్టి నీకు బాగా తేలిపోయాకే, ఆయన ఒక్కడికే, ఎదురుగా కూర్చుని చెప్పు. ఫోన్‌లో వద్దు, ఫ్యామిలీ గ్రూపులో అసలే వద్దు. గుడ్ ఫ్రైడే వారంలోనూ, ఉపవాస ప్రార్థనలు జరిగే రోజుల్లోనూ వద్దు. ఒక్కటే మాట: “నాన్నా, నాకిప్పుడు నమ్మకం లేదు, నీ ముందు నటించడం ఇష్టం లేక చెబుతున్నాను.” ఆ రోజు నోటుబుక్కు తీసుకెళ్ళకు. ఆయన వచనాలు తీసినా నువ్వు తీయకు. ఎవరు చెడగొట్టారని అడుగుతాడు, ఎవరో పెద్ద బోధకుడితో మాట్లాడమంటాడు. సరేనని ఒకసారి వెళ్ళి మర్యాదగా విని రా.

అమ్మది వేరు. ఆమె వాదించదు, ఏడుస్తుంది. కొడుకు నరకానికి పోతాడన్నది ఆమెకి మాట కాదు, నిజంగా కళ్ళకి కట్టే భయం. నరకం లేదని రుజువు చేసి ఆ భయం తీయలేవు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానంటే తల వంచు.

జార్జ్ ఎలియట్ పేరుతో నవలలు రాసినామె ఉంది కదా, మేరీ యాన్ ఎవాన్స్. 1842లో, ఇరవై రెండేళ్ళప్పుడు, ఇక చర్చికి రానని తండ్రికి చెప్పేసింది. ఆయన మాటలు మానేశాడు, ఇల్లు ఎత్తేద్దామన్నంత వరకు వెళ్ళింది. కొన్ని వారాలు అన్న ఇంట్లో ఉండి, చివరికి ఒప్పందానికి వచ్చింది: చర్చికి వస్తాను, లోపల ఏమనుకుంటానన్నది నా ఇష్టం. అలా వెళుతూనే, బైబిలులోని అద్భుతాల్ని పురాణకల్పనలన్న స్ట్రాస్ జర్మన్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. 1849లో తండ్రి పోయేదాకా ఆయనకి సేవ చేసింది. కొందరికి ఇది రాజీ పడటంలా కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెబుతాను. బయటికి వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది ఒక కైపు ఉంటుంది, నమ్మేవాళ్ళంతా వెర్రివాళ్ళలా కనబడతారు. 1878 జూలైలో మన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, అమెరికన్ మిషనరీ క్లౌ దొర మిషన్ కాలంలో. అప్పుడు పెద్ద కరువు. ఎక్కువమంది మాదిగవాళ్ళు, చదువు రానివాళ్ళు. వాళ్ళు అబ్యాతారు పేరు సరిచూసుకుని నీళ్ళలో దిగలేదు. కరువు పనుల్లో కూలీ ఇచ్చినవాళ్ళు, పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు, పిల్లలకి బడి పెట్టినవాళ్ళు ఆ దేవుడి పేరు చెప్పారు, వీళ్ళు నమ్మారు. నేను టీచరమ్మనయ్యానంటే ఆ బళ్ళ వల్లే. నీకు దొరికిన తప్పుల్ని ఫేస్‌బుక్‌లో పెడితే లైకులు కొట్టేవాళ్ళలో, ఆ జనాన్ని ఊరి బావి దగ్గరికి రానివ్వనివాళ్ళ మనవళ్ళు కూడా ఉంటారు. పుస్తకం మీద కోపంతో మీ నాయనమ్మని వాళ్ళ చేతికి ఇవ్వకు.

పెళ్ళి సంగతి ఒకటి మిగిలింది. సంబంధాలు చూస్తున్నారని విన్నాను. అమ్మాయి విశ్వాసురాలైతే ప్రధానానికి ముందే ఆమెకి నువ్వే చెప్పు. అవిశ్వాసులతో జోడుగా ఉండకూడదన్న వచనం ఆమెకి ముఖ్యం కావచ్చు, ఒప్పుకోవాలో వద్దో ఆమె తేల్చుకోవాలి. చర్చి పెళ్ళి వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, రిజిస్ట్రారు ఆఫీసులో నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అదీ ఇద్దరూ అనుకున్నాకే.

చదవడం ఆపేశానన్నావు, ఆపకు. రాజుల గ్రంథాలు తర్వాతైనా చూడొచ్చు. ముందు యోబు, ప్రసంగి, 88వ కీర్తన చదువు. యోబులో స్నేహితుల మాటలు దాటేయకు, మీ సంఘంలో ఎవరెవరు గుర్తొస్తారో నాకు రాయి. వేసవి సెలవుల్లో పిల్లల బైబిలు బడి, అదే వీబీఎస్, క్లాసులు నిన్నే చెప్పమంటుంది మీ అమ్మ. ఆ పది రోజులూ పెద్దమ్మకి తోడుగా ఉండాలని చెప్పి నా దగ్గరికి వచ్చెయ్. నోటుబుక్కు తెచ్చుకో.

మీ పెద్దమ్మ