అపార్ట్‌మెంట్‌లో అందరూ ఎలక్ట్రిక్ కార్లు కొంటే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా? మేడ మీద సోలార్ ఉంటే చాలదా?

సోలార్ ఉంటే చాలనుకోవడంలోనే చిక్కుంది. విజయవాడ పటమటలో ఒక వీధి, దానికి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ (అంటే మహా అయితే 100 కిలోవాట్ల లోడు మోసేది) ఉందనుకోండి. ఇళ్లలో పెట్టుకునే కారు ఛార్జర్లు మామూలుగా 3.3 లేదా 7.4 కిలోవాట్లవి. పెద్దవి పది ఒకేసారి ఆన్ చేస్తే 74 కిలోవాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ మోసేదాంట్లో దాదాపు ముప్పాతిక వంతు వాటికే పోయింది. అదీ మే నెలలో రాత్రి ఎనిమిదింటికి, ఇంటింటా ఏసీలు తిరిగే వేళ. అప్పటికి మీ సోలార్ పలకలు ఇచ్చేది సున్నా.

మధ్యాహ్నం కథ తలకిందులు. ఎండ మండిపోతుంటుంది, ఇళ్లలో వాడకం తక్కువ, మిగిలిన కరెంటు లైన్లోకి ఎదురెళ్తుంది. దాంతో వీధి చివర 230 ఉండాల్సిన వోల్టేజి పెరుగుతుంది. హద్దు దాటితే సోలార్ ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) దానంతటదే ఆగిపోతుంది. ఇంత ఎండలో యూనిట్లు రాలేదేంటని కొందరు తల పట్టుకునేది అందుకే.

నా దృష్టిలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం కంటే ముందు టైము మార్చాలి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు, అంటే చిన్న ఛార్జర్‌తో రెండు గంటల పని. రాత్రి పదకొండు తర్వాత వంతులవారీగా పెట్టుకుంటే లోడు పరుచుకుంటుంది. పగలు ఇంట్లోనే ఉండే బండినైతే మధ్యాహ్నమే పెట్టేయండి, ఎదురెళ్లే కరెంటు కూడా తగ్గుతుంది.

ఇంకోటి. బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. అది లోపం కాదు, ఆ సమయంలో స్తంభం మీద లైన్‌మన్ ఉండొచ్చు, మీ సోలార్ కరెంటు లైన్లోకి వెళ్తే అతనికి షాక్ కొడుతుంది.