యుద్ధవ్యయం వృద్ధికి మేలేనా? - సమాధానం

తిరుపతిలో గ్రూప్స్‌కు చదువుకుంటున్న మీరు, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జీడీపీ పెరిగింది కనుక యుద్ధవ్యయం వృద్ధికి మేలని రాయవచ్చా అని అడిగారు. అంతమాత్రమే రాస్తే జవాబు సగమే అవుతుంది. అక్కడ 1940లో 14.6 శాతంగా ఉన్న నిరుద్యోగం 1944కు 1.2 శాతానికి పడిపోయిన మాట నిజమే కానీ, మాంద్యం వల్ల అప్పటికే ఖాళీగా పడి ఉన్న మనుషులు, యంత్రాలు పనిలోకి రావడమూ, కోటిమందికి పైగా సైన్యంలో ఉండడమూ అందుకు కారణాలు.

మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీనే తీసుకోండి. జూన్‌లో తోతాపురి లోడు లారీలు గేటు ముందు బారులు తీరి ఉండగా, దానిని ఫిరంగి గుండ్ల తయారీకి మళ్ళించారనుకుంటే, లెక్కలో ఉత్పత్తి పెరిగినట్టే కనిపిస్తుంది. కాయ మాత్రం లారీలోనే కుళ్ళిపోతుంది. అమెరికాలోనూ 1942 ఫిబ్రవరిలో పౌరుల కార్ల తయారీ ఆగింది, మే నెలలో చక్కెరకు రేషన్ వచ్చింది.

డబ్బు ఎక్కడిదన్నది ఇంకా ముఖ్యం (పరీక్షల్లో చాలామంది వదిలేసేది ఇదే). పన్నులు, అప్పులు చాలక నోట్ల ముద్రణతో ఖర్చు నడిపితే ధరలు మండిపోతాయి. 1943 బెంగాల్ కరువులో కూలివాడికి బియ్యం అందకపోవడానికి గల కారణాల్లో ఈ యుద్ధకాలపు ద్రవ్యోల్బణం ఒకటి.