సైడ్‌కార్ బండికి హ్యాండిల్ తేలిక చేయాలంటే: పెదనాన్న రాసిన లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మోటార్ సైకిల్‌కు పక్కన సైడ్‌కార్ (సొంత చక్రమున్న పక్క సీటు) కట్టించాక మలుపు తిప్పితే భుజాలు లాగేస్తున్నాయని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ మార్పించనా అని అడిగావు. మార్పించు. కాకపోతే ఎంత మార్చాలో మిల్లీమీటర్లలో తేల్చుకున్నాకే లేత్ దగ్గరికి వెళ్లు. ఈ పనిలో కంటి అంచనా పనికిరాదు.

ముందు ఒక పరీక్ష చెయ్యి. చదునైన, తిన్నని రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తుంటే బండి ఒక పక్కకే గుంజుతోందా? అయితే తప్పు ఫోర్క్‌ది కాదు, సైడ్‌కార్ అమరికది. సైడ్‌కార్ చక్రం ముందు వైపు కొద్దిగా బండి వైపుకు తిరిగి ఉండాలి. మామూలుగా ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. బండి సైడ్‌కార్‌కు అవతలి వైపుకు ఒకటి, రెండు డిగ్రీలు వాలి ఉండాలి. ఇవి సరిచేస్తే గుంజడం పోతుంది. గేరులో గట్టిగా లాగినప్పుడు సైడ్‌కార్ వైపుకు, బ్రేకు వేసినప్పుడు అవతలి వైపుకు కొంచెం పోవడం మాత్రం ఈ బండ్ల స్వభావం, దాన్ని ఏ ఫోర్కూ మార్చదు. తిన్నగా బాగానే వెళ్తూ రెండు వైపులా మలుపుల్లోనూ హ్యాండిల్ సమానంగా బరువనిపిస్తే, అప్పుడు నీ అనుమానం నిజం. అది ట్రెయిల్ ఎక్కువై వచ్చే బరువు.

ట్రెయిల్ అంటే ఏమిటో మనసులో బొమ్మ ఉంటేనే మిగతాదంతా అర్థమవుతుంది. హ్యాండిల్ తిరిగే ఇరుసు వాలుగా ఉంటుంది కదా, ఆ గీతను నేల దాకా పొడిగించు. అది టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. సైడ్‌కార్ లేని ఒంటి బండిలో ఇది సుమారు 90 నుంచి 120 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒంటి బండి వాలి తిరుగుతుంది కాబట్టి ఆ దూరం దానికి నిలకడనిస్తుంది. సైడ్‌కార్ బండి వాలదు, హ్యాండిల్ తిప్పే తిప్పాలి. మలుపులో టైరు మీద పడే పక్క బలం ఆ దూరాన్ని పట్టుకుని చక్రాన్ని తిరిగి తిన్నగా చేయాలని చూస్తుంది. నీ చేతులు పోరాడేది దానితోనే. దూరం సగమైతే ఆ పోరాటం కూడా దాదాపు సగమవుతుంది.

కాబట్టి నీ లక్ష్యం ఉన్నదానిలో సగం, అంటే 50, 60 మిల్లీమీటర్ల మధ్య. ఇంకా తగ్గిస్తే ఇంకా తేలికవుతుందని ఆశపడకు. 25కి దిగిందంటే హ్యాండిల్ తనంతట తాను సరిగ్గా మధ్యకు రాదు, వేగంలో చక్రం ఎటు చూస్తోందో చేతికి తెలియదు.

లెక్క ఇలా చెయ్యి. టైరు వ్యాసార్థాన్ని ఇరుసు వాలు కోణపు సైన్‌తో గుణించు, ఆఫ్‌సెట్ తీసెయ్యి, వచ్చినదాన్ని అదే కోణపు కొసైన్‌తో భాగించు. ఆఫ్‌సెట్ అంటే స్టీరింగ్ ఇరుసు గీత నుంచి చక్రపు యాక్సిల్ ఎంత ముందుకు ఉందో ఆ దూరం. ఉదాహరణకు వ్యాసార్థం 310, కోణం 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 45 అనుకో. ట్రెయిల్ 107 వస్తుంది. దాన్ని 55 చేయాలంటే ఆఫ్‌సెట్ 92 దాకా పెరగాలి, అంటే యాక్సిల్ సుమారు 47 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. యాక్సిల్ అలా ముందుకు జరిగితే బండి ముందు భాగం సుమారు 20 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, కోణం ఇంకాస్త నిటారవుతుంది, దాంతో మరో 5 మిల్లీమీటర్ల ట్రెయిల్ పోతుంది. అది కూడా లెక్కలో పెట్టు, లేదా ఫోర్క్ రాడ్‌లను టీలలో (రాడ్‌లను పైనా కిందా బిగించి పట్టే అడ్డ దిమ్మలు) ఆ మేరకు కిందికి దించి ఎత్తు సరిచెయ్యి.

కొలత తీసేటప్పుడు సైడ్‌కార్ కట్టే ఉండాలి, నువ్వు సీటు మీద కూర్చుని ఉండాలి. యాక్సిల్ మధ్య నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టించు. స్టీరింగ్ ఇరుసు వెంబడి వంకర లేని కడ్డీ ఆనించి అది నేలను తాకే చోట ఇంకో గుర్తు. కొన్ని బండ్లలో ఫోర్క్ రాడ్‌లు స్టీరింగ్ ఇరుసుకు సమాంతరంగా ఉండవు, కాబట్టి రాడ్‌ను చూసి కోణం తీయకు.

ఇక మార్గాలు. సులువైనది ఎక్కువ ఆఫ్‌సెట్ ఉన్న పై టీ, కింది టీ కొత్తగా చేయించడం. ఆఫ్‌సెట్ అలాగే ఉంచి రాడ్‌లను టీలలోనే నాలుగు డిగ్రీలు ముందుకు వాల్చినా దాదాపు ఇదే ఫలితం వస్తుంది. గుర్తుంచుకో, వాల్చాల్సింది టీలలో. ఫ్రేమ్ మెడను కోసి వాలిస్తే ట్రెయిల్ పెరుగుతుంది, అంటే డబ్బు పెట్టి బరువు కొనుక్కున్నట్టే. టీలు గట్టి దిమ్మ నుంచి మిషనింగ్ చేయించు. పోత అల్యూమినియం టీని కోసి వెల్డింగ్ పెట్టిస్తానని ఎవరన్నా ఒప్పుకోకు బాబూ. అది విరిగితే నీ చేతిలో హ్యాండిల్ మాత్రమే మిగులుతుంది.

ఖర్చుకు వెనకాడకపోతే నా ఓటు లీడింగ్ లింక్ ఫోర్క్‌కే, అంటే చక్రాన్ని ముందుకు చాచిన చిన్న చేతుల్లాంటి కడ్డీలు పట్టుకునే రకానికి. సైడ్‌కార్ బండిలో పక్క బలాలు ఎక్కువ, ఒకదానిలోకి ఒకటి జారే మామూలు టెలిస్కోపిక్ రాడ్‌లు వాటికి మెలిపడతాయి. లీడింగ్ లింక్ ఆ మెలికకు లొంగదు. బ్రేకు వేస్తే ముందు భాగం కూలబడదు, కాబట్టి ట్రెయిల్ ఆ క్షణంలో తగ్గిపోదు. బీఎండబ్ల్యూ 1955 నుంచి 1969 దాకా వాడిన అర్ల్స్ ఫోర్క్ ఈ రకమే, అందులో ఒంటి బండికి ఒకటి, సైడ్‌కార్‌కు ఒకటి చొప్పున ఆ కడ్డీల చేయిని బిగించే రంధ్రాలు రెండు పెట్టారు. ట్రెయిల్ విషయాన్ని ఫ్యాక్టరీలోనే అంత పట్టించుకున్నారు. నాకు ఆ ఫోర్క్ అంటే ఇప్పటికీ గౌరవం.

ట్రెయిల్ తగ్గించాక 20, 30 కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ ఊగవచ్చు. ఆ ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ అదే రోజు బిగించు, తర్వాత చూద్దామనుకోకు. ఊగడం ఆగేంత గట్టిగా పెడితే చాలు, అంతకు మించితే సంపాదించుకున్న తేలికను అదే తినేస్తుంది. హ్యాండిల్ పూర్తిగా తిరిగినా డ్యాంపర్ చివరికంటా తగలకూడదు. అయినా ఊగుతుంటే స్టీరింగ్ బాల్ రేసర్లు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులయ్యాయేమో, ముందు టైరు అరిగిందేమో, గాలి తక్కువేమో చూడు. బ్రేకు హోస్, కేబుళ్లు రెండు వైపులా పూర్తిగా తిప్పినా బిగుసుకోకూడదు. మీ దగ్గరి వాహన నిబంధనల ప్రకారం ఈ మార్పుకు అనుమతి కావాలేమో పని మొదలుపెట్టకముందే కనుక్కో.

ఇది మాత్రం మాటివ్వు. ఈ ఫోర్క్ ఉండగా సైడ్‌కార్ విప్పి ఒంటి బండిగా రోడ్డెక్కకు, పక్క వీధి దాకా అయినా సరే. ఆ ట్రెయిల్‌తో ఒంటి బండికి నిలకడ ఉండదు.

మొదటి రోజుల్లో ఖాళీ మైదానంలో తిప్పు. హ్యాండిల్ తేలికైతే తెలియకుండానే ఎక్కువ తిప్పేస్తాం. సైడ్‌కార్ వైపు మలుపులో దాని చక్రం లేచేది అప్పుడే. సైడ్‌కార్ ఖాళీగా ఉంటే లోపల ఇసుక బస్తా వేసుకో.

టైరు వ్యాసార్థం, కోణం, ఆఫ్‌సెట్, నువ్వు కొలిచిన ట్రెయిల్, ఈ నాలుగూ కాగితం మీద రాసి ఫొటో పంపు. టీలకు అడ్వాన్స్ ఇచ్చేలోపు లెక్క నేనూ ఒకసారి వేసి చూస్తాను.

నీ పెదనాన్న