మందు మానేటప్పుడు తొందర వద్దు

అమ్మలూ,

డిప్రెషన్ మందు మానాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. డాక్టరు కూడా సరేనన్నారట, చాలా సంతోషం. ఆ మందు కొన్నేళ్ళు వాడి మానేసినదాన్ని కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

"బాగానే ఉన్నావుగా, ఇంకెన్నాళ్ళు మింగుతావు, ఆపెయ్" అని ఇంట్లో ఎవరన్నా అంటే విని ఊరుకో. మనం వాడిన ఈ ఎస్సిటాలోప్రామ్ అనే మందు ఏళ్ళ తరబడి అందిన మెదడు దానికి తగ్గట్టు సర్దుకుని ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే తడబడుతుంది. తల తిరగడం, వికారం, నిద్ర చెడటం, పిచ్చి కలలు, ఊరికే చిరాకు, ఏడుపు, వీటిలో ఏవైనా రావచ్చు. నాకైతే కళ్ళు పక్కకు తిప్పితే చాలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనేది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేదాన్ని. నీకూ అలా ఉంటే ఆ రోజుల్లో స్కూటీ తీయకు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి మెట్టు. 20 మిల్లీగ్రాముల నుంచి 10కి దిగినప్పుడు పెద్దగా తెలియకపోవచ్చు. 5 నుంచి సున్నాకి దిగడమే కష్టం. ఈ మందు కొద్ది మోతాదులోనే చాలావరకు పని చేసేస్తుంది, ఆపైన ఎంత పెంచినా కలిసేది కొంచెమే. మానేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు ఈ సంగతే వివరించి, మోతాదు తగ్గేకొద్దీ ఇంకా చిన్న చిన్న అంచెల్లో దిగాలన్నారు. ఇందుకు వారాలు కాదు, నెలలు పట్టినా పట్టనీ. 5 కంటే తక్కువ మోతాదు ఎలా వేసుకోవాలో డాక్టరునే అడుగు. రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం వద్దు, ఒంట్లో మందు పడుతూ లేస్తూ ఉంటుంది.

తగ్గించిన కొద్ది రోజులకే బాధ మొదలైతే, అందులోనూ ఇదివరకెప్పుడూ లేని జివ్వుమనడం, తల తిరగడం ఉంటే, చాలాసార్లు అది మందు తగ్గినందువల్లే. పాత జబ్బు అయితే సాధారణంగా వారాలో నెలలో గడిచాక మెల్లగా కమ్ముకుంటుంది. రెండూ కలిసిపోయినట్టు అనిపించే రోజులూ ఉంటాయి, అందుకని నీకు నువ్వే తేల్చుకోకు. వంటింటి క్యాలెండర్‌లో తేదీ పక్కనే ఎంత వేసుకున్నావు, ఎలా పడుకున్నావు, ఏం బాధనిపించింది అన్నది ఒక్క ముక్కలో రాసి పెట్టు. డాక్టరుకి అది చూపిస్తే చాలు. భరించలేకపోతే ఆయనకు చెప్పి మునుపటి మోతాదుకి వెళ్ళు, తర్వాత ఇంకా నెమ్మదిగా దిగొచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు తల్లీ.

పక్కింటావిడ తేలిగ్గా మానేసిందని పోల్చుకోకు. డిప్రెషన్ మందులన్నీ ఒకలా ఉండవు. వాటిలో ఫ్లూయోక్సెటిన్ అనేది ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది కాబట్టి అది మానడం కొంత సులువు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అనేవి మానేటప్పుడు బాగా ఇబ్బంది పెడతాయి.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచుకోకు. అర్ధరాత్రి అయినా సరే నాకు ఫోన్ చెయ్. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి చేసినా తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

వచ్చే నెల మీ మరిది పెళ్ళి ఉంది కదా, ఆ హడావిడి, నిద్రలేమి అయ్యాకే మొదలుపెట్టు. ఈలోగా మీ ఆయనకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నువ్వు విసుక్కున్న రోజున ఎందుకో ఆయనకి తెలిసి ఉండాలి.

నీ పిన్ని