మ్యూనిక్ నుంచి వాలెన్సియాకు, ఇద్దరు పిల్లలతో

మీ ప్రశ్న ఇదీ: జర్మనీలో బ్లూ కార్డు (నిపుణులైన ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నారు, మీది పూర్తిగా రిమోట్ ఉద్యోగం, పిల్లలకు ఎనిమిదేళ్ళు, నాలుగేళ్ళు. చలికీ అద్దెలకూ విసిగిపోయి స్పెయిన్‌కు మారితే ఎలా ఉంటుంది, పిల్లలు తట్టుకుంటారా అని. దాదాపు అవే వయసుల పిల్లలతో మేము 2023 ఆగస్టులో మ్యూనిక్ నుంచి వాలెన్సియాకు వచ్చాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"యూరప్ అంతా ఒకటేగా, లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళిపోవడమే" అని మా చుట్టాలు అన్నట్టే మేమూ అనుకున్నాం. అది యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ మాట. మన నీలం పాస్‌పోర్టుకు జర్మనీ కార్డు జర్మనీలో ఉండటానికే. దాంతో స్పెయిన్‌లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు తిరిగి రావచ్చు, అంతే. కాపురం పెట్టాలంటే స్పెయిన్ అనుమతి వేరే తీసుకోవాలి. మేము తీసుకున్నది డిజిటల్ నోమాడ్ అనుమతి, అంటే వేరే దేశపు కంపెనీకి రిమోట్‌గా పని చేసేవాళ్ళకిచ్చేది. వాళ్ళు 2022 చివర్లో చేసిన స్టార్టప్ చట్టంతో వచ్చింది. మీ జీతం అక్కడి కనీస వేతనానికి రెండింతలు ఉండాలి. భార్యకో భర్తకో ఆ కనీస వేతనంలో ఇంకో 75 శాతం, తర్వాత ఒక్కో పిల్లకు 25 శాతం కలుపుకోవాలి. ఆ కంపెనీలో మీరు చేరి కనీసం మూడు నెలలై ఉండాలి. మీతో వచ్చే భర్తకో భార్యకో కూడా అక్కడ పని చేసుకునే హక్కు ఉంటుంది, అది పెద్ద ఊరట.

అసలు చిక్కు వీసా దగ్గర రాలేదు, మా కంపెనీ దగ్గర వచ్చింది. మేనేజరు "ఎక్కడ కూర్చుంటే ఏం, పని అయితే చాలు" అన్నాడు. హెచ్‌ఆర్ వాళ్ళు మాత్రం సోషల్ సెక్యూరిటీ (పింఛను, వైద్యం లాంటివాటికి కట్టే చందా) ఏ దేశంలో కట్టాలి అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. మామూలుగా ఏ దేశంలో కూర్చుని పని చేస్తే ఆ దేశంలోనే కట్టాలి. 2023 జూలై నుంచి సగం కంటే తక్కువ సమయం ఇంటి నుంచి పని చేసేవాళ్ళకు ఒక వెసులుబాటు వచ్చింది గాని, పూర్తి రిమోట్ వాళ్ళకు అది వర్తించదు. చివరికి కంపెనీ స్పెయిన్ సోషల్ సెక్యూరిటీలో నమోదు చేయించుకుంది. దానికి నాలుగు నెలలు పట్టింది. కాబట్టి మేనేజరు నోటిమాట నమ్మి ఇల్లు ఖాళీ చేయకండి, హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా రావాలి.

ఇక నేను చేసిన తప్పు. 2017లో జర్మనీ వచ్చాం, వెళ్ళేనాటికి నా చేతిలో శాశ్వత నివాస కార్డు ఉంది. శాశ్వతం అన్నారు కదా అని ధీమాగా ఉన్నాను. దేశం వదిలి వేరే చోట స్థిరపడితే అది చెల్లదు. జర్మనీలోనే డావరాఫెంట్‌హాల్ట్-ఈయూ అని ఇంకో కార్డు ఉంది, దానికి కూడా ఐదేళ్ళ నివాసమే కావాలి. అది ఉంటే యూరోపియన్ యూనియన్‌లోనే వేరే దేశంలో ఉన్నా ఆరేళ్ళ దాకా పోదు. ఈ సంగతి నాకు వాలెన్సియా వచ్చాక తెలిసింది. ఇంకో ముచ్చట: మేము వచ్చేసిన పది నెలలకు, 2024 జూన్‌లో, జర్మనీ పౌరసత్వానికి కావాల్సిన నివాసాన్ని ఎనిమిదేళ్ళ నుంచి ఐదేళ్ళకు తగ్గించారు. ఇక్కడ స్పెయిన్‌లో భారతీయులకు పదేళ్ళు. మా ఆయన ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని ఆ లెక్క తీస్తాడు. మీకు జర్మనీలో నాలుగేళ్ళు దాటి ఉంటే, ఎండ కోసం తొందరపడకండి అనే చెప్తాను.

ఇల్లు, బడి దగ్గర మన సామెతే. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు. బడిలో సీటుకు ఎంపాద్రోనామియెంతో, అంటే మునిసిపాలిటీలో చిరునామా నమోదు, కావాలి. దానికి అద్దె ఒప్పందం కావాలి. ఇంటివాళ్ళేమో స్పెయిన్ జీతం స్లిప్పులు అడుగుతారు. మేము కొన్ని నెలల అద్దె ముందే కట్టి గట్టెక్కాం.

కాగితాల్లో పాప బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఏడిపించింది. బాబు జర్మనీలో పుట్టాడు కాబట్టి వాడిది బహుభాషా ఫారంతో సరిపోయింది, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) అక్కర్లేదు. పాప గుంటూరులో పుట్టింది. దానిది మా తమ్ముడు విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించి పంపితే, ఇక్కడ ప్రమాణ అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించాం. తీరా ఫారంలో రెండు ఇంటిపేర్లు అడుగుతారు, తండ్రిదొకటి, తల్లిదొకటి. మనకున్నది ఒకటే, అదీ ముందు రాస్తాం. మొదటి వారమంతా టీచరు మా పాపను ఇంటిపేరుతోనే పిలిచింది.

మీ పెద్దపాప సంగతి జాగ్రత్తగా చూడండి. స్పెయిన్‌లో తరగతి పుట్టిన క్యాలెండర్ సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. మా పాప 2015 నవంబరులో పుట్టింది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో నవంబరులో పుట్టినందుకు ఆలస్యంగా చేరి, ఒకటో తరగతి పూర్తి చేసింది. ఇక్కడ నేరుగా మూడులో కూర్చోబెట్టారు! పక్క పిల్లలు అప్పటికే రెండంకెల గుణకారాలు చేస్తున్నారు. దీనికి ఎక్కాలే రావు, స్పానిష్ అసలే రాదు. మా అమ్మ రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు" అంటూ వల్లె వేయించింది. డిసెంబరుకల్లా లెక్కల్లో మిగతావాళ్ళతో సమానంగా వచ్చింది. ఇప్పటికీ స్పానిష్ క్లాసులో కూర్చుని తెలుగులో గొణుక్కుంటూ గుణిస్తుంది.

చిన్నవాడి కథ వేరు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ వరకు ప్రభుత్వ బడి ఉచితం కాబట్టి వెంటనే చేర్చాం. మూడు నెలలు బడిలో నోరు తెరవలేదు. నాకు ఒకటే టెన్షన్. ఒకరోజు ఇంటికొచ్చి "అమ్మా, ఆయ్గువా కావాలి" అన్నాడు. స్పానిష్‌లో నీళ్ళు ఆగువా కదా, వీడు తప్పు పలుకుతున్నాడనుకుని సరిదిద్దాను. అది వాలెన్సియన్ మాట. ఇక్కడ బడిలో ఆ భాషా చెప్తారు, మాకు వచ్చే నోటీసులూ ఎక్కువగా అందులోనే. వాలెన్సియా, బార్సిలోనా వైపు వెళ్తే పిల్లలకు ఒకటి కాదు, రెండు కొత్త భాషలు అని లెక్కేసుకోండి. అది వద్దనుకుంటే మాడ్రిడ్, మాలగా చూడండి.

డబ్బు గురించి క్లుప్తంగా. జర్మనీలో ఒక్కో పిల్లకు 2023లో నెలకు వచ్చిన 250 యూరోలు ఆగిపోయాయి, ఇక్కడ అందరికీ అలా ఇచ్చేది లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు 24 శాతం స్థిర పన్ను పద్ధతి ఒకటుంది, సోషల్ సెక్యూరిటీలో చేరిన ఆరు నెలల్లోపే దరఖాస్తు పెట్టాలి. అది మాత్రం మర్చిపోకండి.

పని వేళలకు ఇబ్బంది లేదు, గడియారం జర్మనీదే. తేడా అంతా కడుపులోనే. జర్మన్లు పన్నెండుకు తిని ఒంటిగంటకు మీటింగు పెడతారు, ఇక్కడ భోజనం రెండింటికి. మార్చి 1 నుంచి 19 దాకా ఫాయాస్ పండగకు రోజూ మధ్యాహ్నం రెండింటికి ఊరి నడిమధ్య టపాసుల దండలు పేలుస్తారు, మన దీపావళి లక్షవాలా అయిదు నిమిషాలు ఆగకుండా పేలినట్టు. మేము ఉండేది ఆ దగ్గర్లోనే. మొదటి ఏడాది మీటింగులో మైకు ఆపడం మర్చిపోయాను. మ్యూనిక్‌లో ఉన్న ఎనిమిది మందీ ఒక్కసారిగా "అంతా బాగానే ఉందా?" అని అడిగారు.

మీ పెద్దపాప పుట్టిన నెల, మీరు జర్మనీకి ఎప్పుడు వచ్చారో కింద రాయండి. పాప ఇక్కడ ఏ తరగతిలో పడుతుందో లెక్కేసి చెప్తాను.