చక్కెర లేని బాదం పాలు: సీసా వెనుక ఏముంది?

ప్రశ్న: మేము తిరుపతి కొర్లగుంటలో ఉంటాము. మా మామగారికి మధుమేహం. బస్టాండు దగ్గర ఆయన కొన్న 200 మిల్లీలీటర్ల బాదం పాల సీసాపై ‘నో యాడెడ్ షుగర్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. సగం తాను తాగి, మిగతాది అయిదేళ్ల మా అబ్బాయికి ఇచ్చారు. తర్వాత చూస్తే వెనుక 950, 955 అనే అంకెలు, పట్టికలో సీసాకు చక్కెరలు 9 గ్రాములు అని ఉన్నాయి. కలపని చక్కెర ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లవాడికి ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ 9 గ్రాములు పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర అమ్మా. ఏ చక్కెరా వేయని ఆవు పాలలోనూ 100 మిల్లీలీటర్లకు నాలుగున్నర నుంచి అయిదు గ్రాముల దాకా అది ఉంటుంది. అందుకే పట్టికలో ‘మొత్తం చక్కెరలు’, ‘కలిపిన చక్కెరలు’ అని రెండు వరుసలుంటాయి; రెండో దాంట్లో సున్నా ఉన్నంత మాత్రాన మొదటిది సున్నా కాదు. మీ మామగారు ఆ సీసాను మంచినీళ్లలా కాక, ఒక గ్లాసు పాలుగానే లెక్కలో వేసుకోవాలి.

ఇక అంకెల సంగతి. 950 అంటే ఎసిసల్ఫేమ్ పొటాషియం, 955 అంటే సుక్రలోజ్; రెండూ చక్కెరకు బదులు వేసే కృత్రిమ తీపి పదార్థాలు. సుక్రలోజ్ పంచదారకంటే సుమారు 600 రెట్లు తీపి కాబట్టి చిటికెడు కూడా అక్కర్లేదు. పాలను బాగా కాచి సీసాల్లో నింపేవారు 951, అంటే ఆస్పర్టేమ్, జోలికి సాధారణంగా పోరు. వేడికి అది విడిపోయి తీపి పోతుంది. ఆస్పర్టేమ్ ఉన్న ప్యాకెట్‌పై మాత్రం ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టు జబ్బు ఉన్నవారికి తగదన్న హెచ్చరిక తప్పనిసరి.

మీ అబ్బాయి తాగిన అరసీసా గురించి కంగారు పడనక్కర్లేదు. ఆ సీసాలోని 950, 955 రెండింటికీ అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించిన రోజువారీ పరిమితి, శరీర బరువు కిలోకు 15 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లవాడికి ఒక్కొక్కటి 225 మిల్లీగ్రాములు. నిబంధనల ప్రకారం తయారైన అరసీసా పాలలో అంత ఉండదు. రోజూ అలవాటు చేయడం వేరే మాట. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలను ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అయితే ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదు. ఎదిగే పిల్లవాడికి మామూలు పాలు చాలు.

నా అభ్యంతరం మరొకటి ఉంది. మన దేశంలో ఈ వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది. తెలుగు వేయడం తయారీదారు ఇష్టం. చిత్తూరు జిల్లా పల్లెలో పాలు పోసిన రైతే, అవే పాలు సీసాలో తిరిగి వస్తే అందులో ఏం కలిసిందో చదువుకోలేకపోవడం నాకు న్యాయంగా తోచదు. ఈ పేచీ మనకొక్కరికే లేదు: కృత్రిమ తీపి వేసిన చాక్లెట్ పాలను, ‘తక్కువ క్యాలరీలు’ వంటి మాట పేరు పక్కన చేర్చకుండా ‘పాలు’ అనే అమ్ముకోనివ్వాలని అమెరికా పాడి పరిశ్రమ సంఘాలు 2009లో అక్కడి ఆహార ఔషధ సంస్థను కోరాయి. కొనేవాడి కన్ను మొదట పడేది పేరు మీదేనని వారికీ తెలుసు.

విడిగా తూచి ఇచ్చే ‘షుగర్‌ఫ్రీ’ పాలకోవాకు ఆ చిన్న అక్షరాలు కూడా ఉండవు. ఏ తీపి వేశారో దుకాణదారునే అడగండి. చెప్పలేకపోతే మీ మామగారికి కొనకండి. సీసాపై తీపి పదార్థం పేరుగానీ అంకెగానీ లేకపోతే, ఖాళీ సీసాను, బిల్లును దాచి, 14 అంకెల లైసెన్సు నంబరుతో సహా జిల్లా ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.